పదహారేళ్లప్పటి కేసు: ఫారంలో రాయాలా, వద్దా?

ప్రశ్న: మేడం, నా వయసు 24. కేంద్ర ప్రభుత్వ శాఖలో ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యాను. చేరేముందు మన వివరాలు సరిచూసుకోవడానికి ఇచ్చే అటెస్టేషన్ ఫారం నింపి పంపాలి. ‘మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీపై కేసు నడిచిందా?’ అని అందులో ఉంది. నాకు పదహారేళ్లప్పుడు కాలేజీ గేటు దగ్గర గొడవలో ఒకబ్బాయిని బ్యాటుతో కొట్టాను. తలకు కుట్లు పడ్డాయి. పిల్లల కేసులు చూసే జువైనల్ బోర్డులో విచారణ జరిగి, మందలించి ఇంటికి పంపేశారు. ‘ఎనిమిదేళ్లయింది, ఇప్పుడెవరికి గుర్తుంటుంది? లేదు అని రాసెయ్’ అంటున్నారు నాన్న. అవునని రాస్తే ఎంక్వైరీకి వచ్చినవాళ్లు వీధిలో అడుగుతారు, అక్కకు చూస్తున్న సంబంధాలు చెడిపోతాయని ఆయన భయం. అబద్ధం రాస్తే ఉద్యోగం పోతుందని నా భయం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను నేరస్థుడినేనా మేడం?

జవాబు: చివర అడిగినదానికి ముందు చెబుతాను. కాదు. పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన తప్పు మీద జువైనల్ జస్టిస్ చట్టం కింద విచారణ జరిగితే, ఆ కారణంగా తర్వాత ఏ అనర్హతా రాకూడదని 2015 నాటి ఆ చట్టంలోనే 24వ సెక్షన్ చెబుతోంది. పదహారు నిండిన పిల్లల్ని ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లలా విచారించి, తప్పు రుజువైన సందర్భంలో మాత్రం ఈ రక్షణ ఉండదు. మీ కేసు అంతదూరం వెళ్లలేదు. మీరు రాసినదాన్ని బట్టి బోర్డు మందలింపుతోనే సరిపెట్టింది.

కాబట్టి ఆ గొడవ మీ ఉద్యోగానికి అడ్డం వస్తుందని నేననుకోను. నాకు భయం కలిగిస్తున్నది నాన్నగారు రాయమంటున్న ‘లేదు’ అనే మాట. ఆ ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది, మళ్లీ ఒకసారి చదవండి: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హులవుతారని, ఉద్యోగంలో చేరాక బయటపడితే అప్పుడైనా తీసేయొచ్చని. ఇలాంటి కేసుల్లో అందరూ చెప్పుకునేది 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని, దాచిన విషయం చిన్నదా పెద్దదా చూసి అధికారులు నిర్ణయం తీసుకోవచ్చని అందులో ఉంది. నిజం రాసినవాళ్లకు ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా ఆ తీర్పు చెప్పలేదు. అది దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే మీకు మైనర్ అనే రక్షణ అదనంగా ఉంది. మైనర్‌గా ఉన్నప్పటి ఆరోపణను పట్టుకుని సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగం నిరాకరించడం చెల్లదని, ఆ మచ్చ తుడిచెయ్యాలన్నదే చట్టం ఉద్దేశమని 2019లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఇక నాన్నగారి వాదన. దాన్ని కొట్టిపారేయలేం. కేసు ముగిసిపోయిన పిల్లల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా పోలీసులు బయటపెట్టకూడదని అదే చట్టంలో 74వ సెక్షన్ ఉంది. అప్పీలు గడువో ఏడేళ్లో దాటాక ఆ కాగితాలు ధ్వంసం చేయాలని 2016 నాటి నమూనా నిబంధనలు అంటున్నాయి. మైనర్‌గా ఎదుర్కొన్న కేసు గురించి అభ్యర్థిని అడగడమే వ్యక్తిగత గోప్యతకు భంగమని 2021లో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. ఇవన్నీ ముందు పెట్టుకుని ‘నాకు చెప్పకుండా ఉండే హక్కుంది’ అని మీరు వాదిస్తే, నైతికంగా నేను మీవైపే ఉంటాను.

కానీ ఈ తీర్పులన్నీ ఎవరికి వచ్చాయో చూడండి. ఉద్యోగం ఆగిపోయి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు. మీ బ్యాచ్ వాళ్లు ట్రైనింగ్ ముగించి పోస్టింగుల్లో ఉంటే, మీరు హైకోర్టులో వేసిన రిట్ పిటిషన్ ఎప్పుడు బెంచి మీదికి వస్తుందా అని లాయర్‌కు ఫోన్లు చేస్తూ ఉంటారు. గెలిచే కేసే కావచ్చు, ఆ గెలుపు కోసం ఎన్నేళ్లు పోతాయో ఎవరు చెప్పగలరు? పైగా ధ్వంసం చేయాల్సిన రికార్డు నిజంగా ధ్వంసమైందో లేదో మీకూ నాకూ తెలిసే దారి లేదు. బీరువాలు అంత తేలిగ్గా ఖాళీ కావు. అందుకే నా సలహా: రాయండి, చట్టాన్ని తోడు పెట్టుకుని రాయండి.

ముందు ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి. మీరు రాసినట్టు ‘అరెస్టు చేశారా, కేసు నడిచిందా’ అని ఉంటే ‘అవును’ అనే రాయాలి. ‘శిక్ష పడిందా’ అని విడిగా మరో గడి ఉంటే అది వేరే సంగతి, అక్కడ తొందరపడి అవుననకండి. బోర్డు ఉత్తర్వును లాయర్‌కు చూపించి అడగండి. వివరాలకిచ్చే చోటు వేలెడంత ఉంటుంది కాబట్టి ‘వివరాలు జతపరిచాను’ అని రాసి, తెల్లకాగితం మీద ఇంతే రాయండి: ‘నాకు పదహారేళ్ల వయసులో జరిగిన ఒక గొడవపై జువైనల్ జస్టిస్ బోర్డు విచారణ జరిపి, ఫలానా తేదీన మందలింపుతో ముగించింది. ఉత్తర్వు కాపీ జతపరిచాను. జువైనల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 24 ప్రకారం ఇది అనర్హత కాదని మనవి.’ కింద సంతకం, తేదీ. ఎవరు ముందు కొట్టారు, బ్యాటు ఎవరిది లాంటివి వద్దు. ఉత్తర్వు కాపీ ఇంట్లో లేకపోతే లాయర్ ద్వారా బోర్డుకు అర్జీ పెట్టించండి. అక్కడా లేదంటే, రికార్డు అందుబాటులో లేదని ఆ కాగితంలోనే చేర్చండి. తర్వాత సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసు లాంటిది వస్తే కంగారు పడకండి, లాయర్‌తో జవాబు ఇప్పించండి.

‘ఎంక్వైరీని మేనేజ్ చేస్తాం’ అనేవాళ్లు ఇలాంటప్పుడే ఎక్కడినుంచో ఊడిపడతారు. గుమ్మం ఎక్కనివ్వకండి. అలాగే దెబ్బతిన్న ఆ అబ్బాయిని ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్లి సంతకాలు పెట్టించుకోవాలని చూడొద్దు. క్షమాపణ చెప్పాలని ఉంటే ఉద్యోగం గొడవ తేలాక, ఏ కాగితమూ లేకుండా వెళ్లండి.

నాన్నగారితో సెక్షన్ల గురించి వాదించి లాభం లేదు. ఆయన భయం చట్టం గురించి కాదు, అక్క గురించి. కేసు రోజుల్లో చుట్టాలకు తెలియకుండా స్టేషన్‌కీ బోర్డుకీ తిరిగింది ఆయనే కదా. గుట్టుగా ఉంచడమే కొడుకును కాపాడటమని ఆయనకు అప్పుడే మనసులో పడిపోయి ఉంటుంది. ‘నువ్వు అప్పుడు కాపాడావు కాబట్టే ఇవాళ ఈ ఫారం నా చేతికి వచ్చింది నాన్నా’ అని మొదలుపెట్టండి. ఆ తర్వాత ఒక్క విషయం చెప్పండి. మీరు అవునని రాసినా, లేదని రాసినా పోలీసు వెరిఫికేషన్ జరుగుతుంది, సెలెక్ట్ అయిన ప్రతివాళ్లకూ జరుగుతుంది. ‘లేదు’ అని రాస్తే వీధిలోకి రాకుండా పోరు. ఉత్తర్వు కాపీ ఫైల్లోనే ఉంటే ఆరా తీయాల్సిన పని కొంతైనా తగ్గుతుంది. ఇంకా ఆయన మనసు కుదుటపడకపోతే లాయర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. కొడుకు చెబితే వినని మాట బయటివాళ్లు చెబితే వింటారు, చాలామంది తండ్రులంతే. అమ్మగారినీ అక్కనూ కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మీ అక్క పేరు మీద ఇంత భయం నడుస్తుంటే ఆమె మాట ఎవరూ అడిగినట్టు లేదు.

ఫారం ఇచ్చేశాక కూడా నిద్ర పట్టకపోతే డాక్టర్‌ను కలవండి, నాన్చొద్దు. ఇచ్చేముందు మాత్రం నింపిన ప్రతి పేజీకీ జిరాక్స్ తీసి దాచుకోండి. రేపు ఇంకో పోస్టుకు సెలెక్ట్ అయి మళ్లీ ఇదే ఫారం నింపాల్సి వస్తే, రెండు చోట్లా ఒకే తేదీ, ఒకే మాట ఉండాలి.