బట్టల షాపు అనుభవం ఫ్యాక్టరీలో పనికొస్తుందా? లాడ్జి నుంచి స్టోర్స్‌కి మారినవాడి జవాబు

మీరడిగింది ఇది: తిరుపతిలో బట్టల షాపులో పదేళ్ళుగా సేల్స్, చదువు బీకాం, వయసు 34. అప్పు చేసి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కోర్సు చేరాలా, శ్రీసిటీ ఫ్యాక్టరీల వైపు ఏదైనా చూసుకోవాలా, అసలు ఈ వయసులో ఎవరైనా తీసుకుంటారా అని.

నేను 33 ఏళ్ళకి మారాను. అంతకుముందు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్, తొమ్మిదేళ్ళు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో, అంటే సరుకు దించుకుని దాచి లెక్క చూసే చోట, చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ గురించి నాకు తెలిసింది తక్కువ, ఫ్యాక్టరీ గురించి మాత్రం చెప్పగలను.

మొదటి ఆరు నెలలు నన్నెవరూ తీసుకోలేదు. బయోడేటాలో 'రిసెప్షనిస్ట్, కస్టమర్ హ్యాండ్లింగ్, మంచి కమ్యూనికేషన్' అని రాసుకున్నా. అడిగితే అదే చెప్పేవాణ్ణి. "ఫ్యాక్టరీలో కస్టమర్లు ఎవరుంటారు సామీ?" అని ఒకాయన నవ్వాడు కూడా.

నాలుగోచోట స్టోర్స్ ఇన్‌ఛార్జి, సత్యవేడు వైపు మనిషి, ఆ కాగితం పక్కన పెట్టేశాడు. లాడ్జిలో రూములెన్ని అన్నాడు. 62 అన్నాను. దుప్పట్లు? రూముకి మూడు జతలు: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకుడుకి, ఒకటి బీరువాలో, మొత్తం 186. లెక్క తగ్గితే? నెలాఖరున లెక్కపెట్టేది నేనే, ధోబీ చీటీలతో సరిచూసేది నేనే, తేడా వస్తే పోయేది నా జీతంలోనే. ఆయన పెన్ను కింద పెట్టి, "స్టోర్స్ అంటే అదే గదయ్యా, అది రాయకుండా ఈ కమ్యూనికేషన్ ఏంది?" అన్నాడు. ఆ వారమే చేరమన్నారు.

కాబట్టి 'సేల్స్‌మన్, పదేళ్ళు' అని మాత్రం రాయకండి. సూరత్ బేళ్ళు దిగినప్పుడు బిల్లుతో సరిచూసింది ఎవరు? బార్‌కోడ్ ఎవరు వేశారు? డ్యామేజీ చీరలు వెనక్కి పంపేటప్పుడు లెక్క ఎవరు రాశారు? ఆషాఢం సేల్‌కి ముందు గోడౌన్‌లో స్టాకు ఎవరు చూశారు? ఇందులో సగం మీరే చేసుంటారు. ఎన్ని బేళ్ళు, ఎన్ని రకాలు, అంకెలతో రాయండి. దాన్నే ఫ్యాక్టరీవాళ్ళు ఇన్‌వార్డ్, రిజెక్షన్, ఫిజికల్ స్టాక్ అంటారు. జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ) అంటే ఏంటి, బిన్ కార్డు (ఒక్కో సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది రాసే కార్డు) ఎందుకు, ముందొచ్చిన సరుకు ముందు ఎందుకు పంపాలి, సరుకు విలువ 50,000 దాటితే ఈవే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ కాగితం) ఎలా తీయాలి, ఇవి పది రోజుల్లో వచ్చేస్తాయి. ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక పట్టికలోది ఇంకో పట్టికలో వెతికి తెచ్చేది), పివట్ (పెద్ద లెక్కని కుదించి చూపేది) మాత్రం చేత్తో చేసి నేర్చుకోండి, ఎదురుగా కూర్చోబెట్టి చేయమంటారు. మీకు తమిళం వస్తే అది కూడా రాయండి. మా దగ్గరికొచ్చే లారీల్లో చాలావరకు చెన్నై వైపువే. లాడ్జిలో నేర్చిన తమిళం నాకు అక్కడ తిండి పెడుతోంది.

వయసు సంగతి. మెషిన్ ఆపరేటర్ పనికి కుర్రాళ్ళనే అడుగుతారు, అది నిజం. స్టోర్స్, డిస్పాచ్, బిల్లింగ్ దగ్గర నేను చూసినంతలో లెక్క తప్పని మనిషి కావాలంటారు, పుట్టిన తేదీ ఎవరూ పట్టించుకోలేదు.

డబ్బు మొదట తగ్గుతుంది. లాడ్జిలో నాకు 17,000, పైన భోజనం, టిప్పులు. ఇక్కడ చేతికి మొదట 15,500. ఆఫర్ లెటర్‌లో సీటీసీ (మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) చూసి మురిసిపోకండి, కంపెనీ కట్టే పీఎఫ్ కూడా అందులోనే కలిపి చూపిస్తారు. కంపెనీ రోల్సా, కాంట్రాక్టర్ రోల్సా, అంటే మిమ్మల్ని పెట్టుకునేది కంపెనీయా, కాంట్రాక్టరా అని మొహమాటం లేకుండా అడగండి. కంపెనీ బస్సు తిరుపతిలో తెల్లారకముందే బయల్దేరుతుంది. రోజూ నాలుగు గంటలు అందులోనే. మా ఆవిడకి ఇప్పటికీ ఆ అలారం మీద కోపం.

ఇక కాగితాలు. నేను దాదాపు మునిగింది ఇక్కడే. మానేశాక చేతిలో డబ్బు లేక పీఎఫ్ మొత్తం తీసేద్దామనుకున్నా. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద వయసు టాక్స్ కన్సల్టెంటు నా పీఎఫ్ పాస్‌బుక్ చూసి, "తొమ్మిదేళ్ళయింది గదా నాయనా, ఇంకొక్క ఏడాదేగా ఉండాది. పదేళ్ళు నిండితే 58కి పెన్షన్. ఇప్పుడు పెన్షన్ భాగం తీసేస్తే మళ్ళీ సున్నా నుంచే" అన్నాడు. ఆగాను. కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నా. మీదీ పదేళ్ళ దగ్గరే ఉంటుంది, షాపువాళ్ళు పీఎఫ్ ఎప్పటినుంచి కట్టారో ముందు పాస్‌బుక్‌లో చూడండి.

లాడ్జి యజమాని రిలీవింగ్ లెటర్‌కి (పని మానేసినట్టు ఇచ్చే కాగితం) తిప్పించాడు, పీఎఫ్‌లో మానేసిన తేదీ కూడా వేయలేదు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీ మనమే పీఎఫ్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. అది తెలియక నెల రోజులు ఆయన గల్లా ముందు నిలబడ్డా. లెటర్ బదులు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పాస్‌బుక్ చూపిస్తే మా హెచ్‌ఆర్ ఒప్పుకున్నారు. అన్నిచోట్లా ఒప్పుకోరు, మీరు మాత్రం లెటర్ తీసుకునే బయటికి రండి.

రేణిగుంట ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, యూనిఫాంకి 3,000 కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయండి. నేను కట్టాను. ఇప్పటికే ఎవరికైనా పంపుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే డబ్బు దొరకడం కష్టం.

బెంగళూరు కోర్సు కోసం ఇప్పుడే అప్పు వద్దు. ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీలవాళ్ళ ఆన్‌లైన్ పాఠాల సైటు) ప్రోగ్రామింగ్ పాఠాలు ఉచితం. షాపు మూసొచ్చాక రాత్రి గంట చొప్పున మూడు నెలలు కూర్చుని చూడండి. కూర్చోగలిగితే అప్పుడు ఆలోచిద్దాం.

ఈలోగా ఒకటి చెప్పండి: మీ షాపులో ఆషాఢం స్టాకు లెక్క చూసేది మీరా, ఓనరు బంధువులెవరైనానా? దాన్నిబట్టి బయోడేటాలో మొదటి రెండు లైన్లు ఎలా రాయాలో కింద రాస్తాను.