సీసాలో దిద్దకు, పుస్తకంలో దిద్దు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

బెజవాడలో సెంటు తయారీ వర్క్‌షాపులో చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. చారు గిన్నె మూత తీయకముందే ఇంగువ మర్చిపోయారని పట్టేసే ముక్కు నీది. కానీ ఇంటికొచ్చి వంటగది గట్టు మీదే ప్రాక్టీసు చేస్తానన్నావట! బుద్ధుండే అన్నావా? సెంటులో కలిపే ఆల్కహాల్, అదే ఇథనాల్, దాని ఆవిరికి 13 డిగ్రీల వేడి చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మన ఊళ్లో చలికాలం రాత్రి కూడా మామూలుగా అంతకన్నా వేడే. పైగా ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. స్టవ్వు, దేవుడి దీపం, దోమల కాయిల్ ఉన్న గదిలో సీసా మూత తీయొద్దు. వరండాలో కూర్చో.

ఆల్కహాల్ బదులు శానిటైజర్ వాడకు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. సర్జికల్ స్పిరిట్‌కి దాని వాసనే ఎక్కువ. వర్క్‌షాపు వాళ్లను అడిగి సెంట్లకు వాడే ఆల్కహాలే తెచ్చుకో. గ్లవుజులు వేసుకో. ప్రతి సీసా మీదా పేరు, తేదీ రాయి.

ఇక అసలు సంగతి. కొత్తవాళ్లంతా చేసే తప్పొకటుంది. నాలుగు నూనెలు కలుపుతారు, వాసన చూస్తారు, నిమ్మ, బెర్గామాట్ (అదీ నిమ్మజాతి పండు తొక్క నూనే) గుప్పుమంటాయి. చందనం తెలియడం లేదని ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు. మళ్లీ చూస్తారు, మళ్లీ వేస్తారు. నిజానికి చందనం, వట్టివేరు నెమ్మదిగా ఆవిరయ్యే సరుకులు. పైనున్న పుల్లని వాసనలు ఎగిరిపోయాక, గంట రెండు గంటలకు గానీ బయటపడవు. ఈలోగా ముక్కూ మొద్దుబారుతుంది. తెల్లారి చూస్తే సీసా నిండా వట్టివేరే. వేసింది తీయలేవు. ఎన్ని చుక్కలు వేశావో రాయలేదు కాబట్టి మళ్లీ చేయనూ లేవు. రాసినా లాభం తక్కువే: చిక్కటి నూనె చుక్క, పల్చటి నూనె చుక్క ఒక బరువుండవు.

అందుకే 0.01 గ్రాము చూపించే కాటా కొను. ప్రతి నూనెనూ ముందు పదిశాతానికి పల్చన చెయ్యి: ఒక గ్రాము నూనె, తొమ్మిది గ్రాముల ఆల్కహాల్. ఆ పల్చనవాటితోనే 10 గ్రాముల నమూనా కలుపు. మొదటిసారికి ఇది చాలు, గ్రాముల్లో: బెర్గామాట్ 3, నారింజ 1.5, జెరేనియం 2, మల్లె అబ్సల్యూట్ (పూల నుంచి తీసిన చిక్కటి సారం) 0.5, చందనం 2, వట్టివేరు 1. కాగితపు పట్టీ ముంచి, టైము రాసి, పది నిమిషాలకు, రెండు గంటలకు, మర్నాడు చూడు. నచ్చకపోతే ఆ సీసా ముట్టుకోకు. పుస్తకంలో ఒక్క అంకె మార్చి కొత్త సీసాలో కలుపు. ఒకేసారి రెండు మార్చావంటే ఏది పనిచేసిందో తెలీదు. ముక్కు అలిసిపోతే కాఫీ గింజలు వాసన చూడమంటారు, అవేం చేయవు. బయటికెళ్లి కాసేపు నిలబడు. మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు వస్తుంటే ఆ పూటకి మానెయ్.

నచ్చిన నమూనాను నాలుగు వారాలు చీకట్లో ఊరనివ్వు. నిమ్మజాతి నూనెలు మన ఎండలకు తొందరగా పాడవుతాయి, రంగు సీసాల్లో, నిండుగా, ఫ్రిజ్‌లో పెట్టు.

బెర్గామాట్ కొనేటప్పుడు మాత్రం ఫ్యూరోకౌమారిన్లనే పదార్థాలు తీసేసిందే అడుగు. మామూలుది పూసుకుని ఎండలోకెళితే చర్మం కాలి మచ్చలు పడతాయి. ఒంటికి పూసుకునే సెంటులో ఆ మామూలుదానికి, సెంట్ల భద్రత చూసే అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా పెట్టిన హద్దు 0.4 శాతం. పైన రాసిన లెక్కలో, పదిశాతానికి పల్చన చేశాక కూడా, అది 3 శాతం పడుతుంది, చూసుకో. తయారయ్యాక మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగు. ఆ తర్వాతే మీ అమ్మకివ్వు. దానికి కొత్త సబ్బు మార్చినా దద్దుర్లొస్తాయి. వద్దంటే బలవంతపెట్టకు, చీర కొంగుకు పూయి, అదీ మరక పడని చీరైతేనే.

ఇట్లు,
పెద్దమ్మ