గుర్తులు మాత్రమే తెలిస్తే విలోమం ఉంటుందని చెప్పగలమా?

వరుసలు (−,+,0), (−,−,+), (+,−,−) గుర్తులుగా గల మాత్రికకు, విలువలు ఏవైనా, విలోమం తప్పక ఉంటుందా అని మీరు అడిగారు, తప్పక ఉంటుందని చెప్పలేం. సున్నా కాని ప్రతి మూలకాన్నీ దాని అడ్డువరుస సంఖ్య నుంచి నిలువువరుస సంఖ్యకు బాణంగా గీయండి. వికర్ణమంతా రుణాత్మకమైనప్పుడు, ఆ బాణాల గ్రాఫులోని ప్రతి చక్రంలోనూ (బయలుదేరిన చోటికే తిరిగొచ్చే దారిలో) గుర్తుల లబ్ధం రుణాత్మకమైతేనే నిర్ధారకం (ఇది సున్నా కానప్పుడే విలోమం ఉంటుంది) ఎన్నటికీ సున్నా కాదని బాసెట్, మేబీ, క్వర్క్ అనే పరిశోధకులు 1968లో, అదీ ఆర్థికశాస్త్ర అవసరాల కోసం, నిరూపించారు. మీ గ్రాఫులో 1→2→1, 2→3→2 చక్రాలతో చిక్కు లేదు. పేచీ అంతా మూడు ధన బాణాలున్న 1→2→3→1 దగ్గరే ఉంది. మూడో వరుస మొదటి మూలకాన్ని 3గా, మిగిలినవాటి పరిమాణాలను 1గా తీసుకుంటే నిర్ధారకం −1−1−1+3, అంటే సున్నా. ఆ ఒక్క మూలకం గుర్తును మారిస్తే నాలుగు పదాలూ రుణాత్మకాలై, విలోమం ఎల్లప్పుడూ ఉంటుంది.