హస్త మూడో పాదానికి ణ అక్షరం: పాపకు ఏ పేరు పెట్టాలి?

పాపది హస్త మూడో పాదం, పంతులుగారు ణ అక్షరం చెప్పారు, ఒక సైట్‌లో "ణైషా అంటే దివ్యపుష్పం" అని ఉంది, పెట్టొచ్చా అని కదా మీ ప్రశ్న?

పెట్టకండి. అది సంస్కృతం కాదు. ఏ ధాతువు (మాటకు మూలం), ఏ ప్రత్యయం (దాని వెనక చేరేది) అని అడిగితే చెప్పలేని పేరుకు అర్థం ఉండదు. ఈ సైట్లు ముందు చెవికి ఇంపైన శబ్దం అల్లి, తర్వాత దానికో పువ్వో కిరణమో తగిలిస్తున్నాయి. పసిపిల్ల జీవితాంతం మోసే మాట అది.

అసలు సంస్కృతంలో వాడుకలో ఉన్న మాట ఏదీ ణతో మొదలవదు. ముందు ఋ, ర, ష ఉంటే వెనకొచ్చే న ణ అవుతుంది. మధ్యలో చ, ట, త వర్గాలు గానీ ల, శ, స గానీ అడ్డొస్తే మారదు. ఉత్తరాయణం, దక్షిణాయనం పక్కపక్కన రాసి చూడండి. మొదటిదాంట్లో ర ఉంది, ణ వచ్చింది. రెండోదాంట్లో ష ఉన్నా, మధ్యలో ట వర్గపు ణ అడ్డుపడింది, అందుకే చివర న. మాట మొదట్లో అయితే ముందు అక్షరమే లేదాయె, ణ ఎక్కణ్ణుంచి వస్తుంది?

కానీ దారి ఉంది. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ధాతుపాఠంలో, అంటే ధాతువుల పట్టికలో, సుమారు 2000 ధాతువులుంటే, వాటిలో కొన్నింటిని ణతోనే చదివారు: ణీఞ్, ణమ, ణు. "ణో నః" (6.1.65) అనే సూత్రంతో ఆ ణ వాడుకలో న అవుతుంది. నీ, నమ్, ను అలా వచ్చినవే. నీ ధాతువు నుంచి నయన, "నీయతే అనేన", అంటే దేనిచేత నడిపించబడతామో అది, కన్ను. నమ్ నుంచి నమ్రత. ను నుంచి నుతి, అంటే స్తుతి. ఇవి పెడితే ణ అక్షరం చెల్లినట్టేనని నా గట్టి అభిప్రాయం. న అనూరాధ నక్షత్రానిది కదా అని పంతులుగారు అంటే ఈ సూత్రం చూపించండి.

అయితే న ఉన్న ప్రతి పేరూ పనికిరాదు. ముందు "ప్ర" పెట్టి చూడండి. నీ ధాతువు ప్రణయం, ప్రణీత అవుతుంది, నమ్ ప్రణామం అవుతుంది, ను ప్రణవం అవుతుంది. దాగిన ణ బయటపడిందన్నమాట. నంద్, నృత్ ధాతువులకు అలా జరగదు, ప్రనందతి, ప్రనృత్యతి అని న అలాగే ఉంటుంది. కాబట్టి నందిని, నర్తన ఈ లెక్కలోకి రావు. నివేదిత, నిధి కూడా అంతే. వాటిలో "ని" ఉపసర్గ, అంటే ధాతువుకు ముందు చేరేది, ధాతువు కాదు.

ఇంకొక్క మాట. నమ్రత ఎంచుకుంటే జనన ధ్రువపత్రంలో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మకు రావత్తు ఉండాలి. చాలామంది "నమృత" అని వట్రసుడి పెట్టేస్తున్నారు. అప్పుడు నమ్ ధాతువు పోయి, పేరులో "మృత" కనబడుతుంది. తర్వాత ఆధార్, బడి రిజిస్టరు అన్నీ ఆ కాగితాన్ని చూసే రాస్తారు.