భయస్తుడు ఫైటర్ పైలట్ కాగలడా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. ఫైటర్ పైలట్ అవుతానంటాడు. కాస్త భయస్తుడు. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) కోచింగ్ ఇప్పించాలా, ఈ రోజుల్లో అంతా డ్రోన్లే కాబట్టి ఆ కోర్సే మేలా? సైనస్ సంగతి మెడికల్‌లో చెప్పకపోతే పరవాలేదా? – ఒక తండ్రి

జవాబు: మీ అసలు బెంగ కోర్సు గురించి కాదు, పిల్లాడి గుండె ధైర్యం గురించి. ఆ టెన్షన్ వదిలేయండి. విమానం ఎంత గొప్పదైనా, నడిపేవాడి ఒళ్లు, బుర్ర సిద్ధంగా లేకపోతే యుద్ధానికి పనికిరాదు. 9జీ మలుపులో, అంటే ఒంటి బరువు తొమ్మిదింతలైనట్టుండే మలుపులో, 60 కిలోల మనిషి 540 కిలోల బరువు మోస్తున్నట్టు ఉంటుంది. రక్తం కాళ్లలోకి దిగిపోయి, చూపు మసకబారి, స్పృహ తప్పొచ్చు. కాళ్లనీ పొట్టనీ నొక్కే జీ-సూట్ వేసుకుని, కండరాలు బిగబట్టి, పద్ధతిగా ఊపిరి తీయడం పైలట్లకి నేర్పుతారు. నిద్ర చాలకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా ఆ ఓర్పు తగ్గిపోతుంది. మేఘాల్లో ఏది పైనో ఏది కిందో చెవి లోపలి బ్యాలెన్స్ భాగం తప్పు చెబుతుంది. అప్పుడు సొంత అంచనాని పక్కనపెట్టి మీటర్లని నమ్మాలి. ఎగిరి వచ్చాక తన తప్పు తానే అందరి ముందు చెప్పాలి. మొండిధైర్యం ఉన్నవాడికి ఈ రెండూ కష్టం.

ఇక సైనస్. దాచమని మీరే నేర్పిస్తారా? ముక్కు, చెవి మూసుకుపోయి ఉంటే విమానం కిందికి దిగేటప్పుడు ఒత్తిడి సర్దుకోక భరించలేనంత నొప్పి వస్తుంది. అందుకే మామూలు జలుబు చేసినా స్క్వాడ్రన్ డాక్టరు ఎగరనివ్వడు. జలుబని ముందే చెప్పి ఆగిపోయేవాడే అక్కడ నమ్మకస్తుడు. మార్కుల కోసం వాణ్ని రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టడం కూడా మానండి.

డ్రోన్ కోర్సుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మన చేలల్లో మందు కొట్టడానికి కొద్దిరోజుల శిక్షణ, ఆ సర్టిఫికెట్ చాలు. ఉపాధికి మంచిదే. దానితో సైన్యంలోకి తీసుకుంటారని ఎవరైనా ఫీజు అడిగితే లేచి వచ్చేయండి. మిలటరీ డ్రోన్ నడిపేవాళ్లూ ఎంపికై వచ్చినవాళ్లే. గంటల తరబడి తెర చూసే అలసట వాళ్లకీ ఉంటుంది.

ఎన్‌డీఏ సిలబస్ మీకు తెలిసిందే. పైలట్ ఎంపికలో సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే ఫ్లయింగ్ బ్రాంచి తలుపు మూసుకున్నట్టే. అయినా ఎయిర్‌ఫోర్స్‌లో గ్రౌండ్ డ్యూటీ కొలువులు ఉన్నాయి. వాళ్లు లేకుండా ఏ విమానమూ లేవదు.

సంక్రాంతి సెలవుల్లో భీమవరం తీసుకెళ్లి కంటి డాక్టరుతో రంగుల పరీక్ష, ఈఎన్‌టీతో సైనస్ చూపించండి. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలి పొడవు 99 నుంచి 120 మధ్య ఉండాలి. కొలిపించండి. కోచింగ్ ఫీజు ఆ తర్వాతే.