ఓపిక ఉన్నప్పుడే తోడు వెతుక్కో

తమ్ముడూ,

ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రి రెండింటిదాకా ఇష్యూలే, అంటే వాడేవాళ్లు పంపే ఫిర్యాదులే చూస్తున్నానని రాశావు. ఉచితంగా పంచిన నీ కోడ్ లైబ్రరీని అంతమంది వాడుతున్నారంటే సంతోషమే కానీ, నాకు దిగులే ఎక్కువైంది. పదకొండేళ్లు నేనూ ఒక ప్రాజెక్టును ఒక్కడినే లాక్కొచ్చాను. చివరి రెండేళ్లు మెయిల్ తెరవాలంటేనే గుండె దడగా ఉండేది.

అందుకే చెప్తున్నాను, తోడు మెయింటెయినర్‌ను, అంటే ప్రాజెక్టు బాధ్యతను నీతో పంచుకునేవాళ్లను ఇప్పుడే వెతుక్కో. పూర్తిగా అలిసిపోయాక ఎవరు చెయ్యి చాచినా దేవుడిలాగే కనిపిస్తారు.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి నీకు తెలిసిందే. దాన్ని చూసుకునే ఆయన, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని 2022లోనే చెప్పుకున్నాడు. అయినా పని నెమ్మదిగా సాగుతోందని, ఇంకొకరికి అప్పగించమని కొందరు వెంటపడ్డారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపిగ్గా ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపి, నమ్మకం సంపాదించి, 2024 ఫిబ్రవరి రిలీజ్‌లో దొంగ కోడ్ పెట్టారు. దూరంలో ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుబట్టి తవ్వబట్టి మార్చిలో బయటపడింది. ఆ మెయింటెయినర్‌ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయన స్థానంలో నేనున్నా అప్పగించేవాణ్ణే.

అందులో ఇంకో విషయం ఉంది. ఆ దొంగ కోడ్‌ను కదిలించే ముక్క కోడ్ దాచే రిపోజిటరీలో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లోనే, అంటే జనం దించుకునే ఫైళ్ల మూటలోనే ఉంది. కాబట్టి ఎవరి లాప్‌టాప్ నుంచీ రిలీజ్ వెళ్లకూడదు, నీది కూడా. అందరికీ కనిపించే రిపోజిటరీ నుంచే దానంతటది తయారయ్యేలా పెట్టు. కొత్తవాళ్లకు మొదట ఇష్యూలు సర్దే పని, తర్వాత రివ్యూ, చాలా కాలం తర్వాతే రిలీజ్ హక్కు ఇవ్వు.

కొత్త ఫీచర్లకు కాదనడం నేర్చుకో. నా దగ్గర లేని ఒక సిస్టమ్ కోసం ఎవరో పంపిన కోడ్‌ను మొహమాటపడి కలిపాను. పంపినవాళ్లు మళ్లీ కనిపించలేదు. దాని బగ్‌లతో మూడేళ్లు నేనే కుస్తీ పట్టాను.

డబ్బు సంగతంటావా, విరాళాల మీద ఆశ పెట్టుకోకు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి, అది ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2000 డాలర్లే. నెట్‌లో చాలా భాగం దాని మీదే నడిచేది! నీ లైబ్రరీ వాడే కంపెనీలను డబ్బుతో పాటు ఒక ఇంజనీరును వారానికి ఒక పూట కేటాయించమని అడుగు. అడగడానికి సిగ్గుపడకు.

ఈ ఆదివారం ఇష్యూల జోలికి వెళ్లకు. నువ్వు రిలీజ్ ఎలా చేస్తావో ఒక పేజీ రాసి నాకు పంపు. అది చూసుకుంటూ, నిన్ను ఏమీ అడగకుండా ఒక టెస్ట్ రిలీజ్ చేసి చూస్తాను. ఎక్కడ ఆగిపోయానో నీకు రాస్తాను.

నీ అన్న