ఒక రోగి లేచాక, మరో రోగి కూర్చునేలోపు

ప్రశ్న: మేము గ్రీమ్స్‌పేటలో ఉంటాం. గత నెలలో మా అత్తగారికి దవడ పన్ను తీయించడానికి దగ్గరలోని ఒక పన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడకు షుగరు ఉందన్న సంగతి నేనుగా చెప్పానే తప్ప అక్కడ ఎవరూ అడగలేదు. మాకంటే ముందు కూర్చున్న ఆయన పన్ను పీకిన పట్టకారును ట్రేలోని ద్రావణంలో వేసి, పది నిమిషాలైనా కాకముందే అందులోంచి తీసి మా అత్తగారికి వాడారు. అడిగితే "అది మందు నీళ్ళమ్మా, ఏ క్రిమీ బతకదు" అన్నారు. నిజమేనా? ఇటువంటి చోట్లను తనిఖీ చేసేవారు ఉంటారా? మాబోటివాళ్ళం ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అందులో నిజం కొంతే ఉందమ్మా. ఆ మందు నీళ్ళు సాధారణంగా రెండు శాతం గ్లుటరాల్డిహైడ్. ఇరవై నిమిషాలు నానితే చాలా రకాల క్రిములు చస్తాయి గాని, మొండి బ్యాక్టీరియా బీజాలతో సహా అన్నీ నశించాలంటే పనిముట్టు అందులో పది గంటలు మునిగి ఉండాలి. అంతకుముందు దానికి అంటిన నెత్తురును బ్రష్షుతో రుద్ది కడగాలి. ఎండిన నెత్తురు పొర కింద ఉన్న క్రిమిని ఏ మందూ తాకలేదు. అసలు చిగురును, ఎముకను తాకే పట్టకారుకు తగిన పద్ధతి ఆటోక్లేవ్. అది మన ప్రెషర్ కుక్కరు సూత్రంతోనే పనిచేస్తుంది. మరిగే నీరు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఒత్తిడిలో ఉన్న ఆవిరి 121 డిగ్రీలకు చేరి, పదిహేను ఇరవై నిమిషాల్లో బీజాలను కూడా చంపుతుంది. 134 డిగ్రీల యంత్రాలకు మూడు నాలుగు నిమిషాలు చాలు.

క్లినిక్కులో ఏసీ, గాజు తలుపులు, మెరిసే కుర్చీ చూసి మనం తృప్తిపడతాం. నా మటుకు నేను వాటిని లెక్కలోకి తీసుకోను. ఒక రోగి లేచాక మరో రోగి కూర్చునేలోపు అక్కడ ఏం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. పనిముట్లు మూసిన పౌచ్‌లో వచ్చి మీ కళ్ళముందు తెరుచుకోవాలి. ఆ పౌచ్ మీది గుర్తు ఆవిరి తగిలితే రంగు మారుతుంది. అది మారి ఉందో లేదో మీరే చూడవచ్చు. అయితే రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. క్రిములు నిజంగా చస్తున్నాయో లేదో తేల్చేది బీజ పరీక్ష (బ్యాక్టీరియా బీజాలను యంత్రంలో పెట్టి, అవి చచ్చాయో లేదో చూడడం), దాన్ని వారానికొకసారి చేయించాలి. ఫలితాలు రాసిన పుస్తకం ఉందా అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే చోట నేనైతే నోరు తెరవను.

పన్ను అరగదీసే ఎయిరోటర్‌ను స్పిరిట్ దూదితో తుడిచి సరిపెట్టేవారు ఇంకా ఉన్నారు. ఆగే క్షణంలో అది నోటిలోని తడిని లోపలికి పీల్చుకుంటుంది గనుక ప్రతి రోగి తర్వాత దాన్ని కూడా ఆటోక్లేవ్‌లో పెట్టాలి, దాని గొట్టంలోంచి నీటిని ఇరవై ముప్పై సెకన్లు ఒట్టిగా వదలాలి. మత్తు ఇంజెక్షను విషయంలో మరీ జాగ్రత్త అవసరం. లిగ్నోకెయిన్ సీసా ఒకటే పలువురికి వాడుతున్నప్పుడు, ఒకరికి గుచ్చిన సూదిని మళ్ళీ అందులో పెడితే సీసా మొత్తం చెడినట్టే.

ఇది అతిభయం అనుకునేవారికి వాణియంబాడి సంగతి గుర్తుచేయాలి. మన సరిహద్దు దాటితే వచ్చే ఆ తమిళనాడు పట్టణంలో, 2023లో ఒక దంత క్లినిక్కుకు వెళ్ళినవారిలో ఎనిమిది మంది మెదడుకు సోకిన మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బుతో మరణించారు. వేలూరు సీఎంసీ వైద్యులు పాల్గొన్న పరిశోధనలో తేలిన కారణం, ఒకసారి తెరిచి, సరిగా మూయకుండా మళ్ళీ మళ్ళీ వాడిన సెలైన్ సీసా.

తనిఖీ ఒకరి చేతిలో లేకపోవడమే మన చిక్కు. క్లినిక్కు నమోదు 2002 నాటి రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్య, ఆరోగ్య శాఖ చూస్తుంది. డాక్టరు అర్హతలు, నడవడి రాష్ట్ర దంతవైద్య మండలి పరిధిలోనివి. వ్యర్థాలు కాలుష్య నియంత్రణ మండలివి. ఎక్స్‌రే యంత్రం అణుశక్తి నియంత్రణ మండలిది. నమోదు పత్రం గోడమీద కనబడకపోతే, జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి కార్యాలయానికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఫిర్యాదును సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. తేదీ, సమయం, మీరు కళ్ళతో చూసినది మాత్రమే రాయండి. విన్నవి కలిపితే దరఖాస్తు బలహీనపడుతుంది.

అత్తగారి గురించి కంగారు పడకండి, ఒక్కసారికి ప్రమాదం తక్కువే. అయినా హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రక్తపరీక్షలు ఇప్పుడొకసారి, ఆరు నెలల తర్వాత మరొకసారి చేయించండి. షుగరున్నవారికి పన్ను తీసిన గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశమూ ఎక్కువే. అందుకే ఆ ప్రశ్న అడగకపోవడం ద్రావణం కన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం.

ప్రశ్న: తిరుపతిలో ఒక దంత క్లినిక్కులో రెండేళ్ళుగా సహాయకురాలిగా ఉన్నాను. వాడిన సూదికి మూత పెడుతుండగా రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. సారుతో చెప్పాలంటే భయం. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చెప్పి తీరాలి తల్లీ. గుచ్చుకున్న వెంటనే వేలిని నొక్కి నెత్తురు పిండకుండా, సబ్బుతో, ధారగా పడే నీటి కింద కడగాలి. హెచ్ఐవీ నివారణ మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. మొదలుపెట్టాక 28 రోజులు మానకూడదు. అటువంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా రుయా ఆసుపత్రికి వెళ్ళండి. జరిగిపోయిన ఆ రెండుసార్ల గురించి రక్తపరీక్షలు ఈ వారమే చేయించుకోండి.

హెపటైటిస్ బి టీకా మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదులుగా వేస్తారు. సిబ్బందికి ఆ టీకా, ధనుర్వాతం టీకా వేయించే బాధ్యతను 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు క్లినిక్కు యజమానిమీదే పెట్టాయి గనుక అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇకమీదట రెండు చేతులతో సూదికి మూత పెట్టకండి. మూతను ట్రేలో పడుకోబెట్టి, ఒంటిచేత్తో సూదిని అందులోకి దూర్చండి. పని కాగానే గుచ్చినా దిగని తెల్ల డబ్బాలో వేయండి. మీ క్లినిక్కులో ఆ డబ్బా లేకపోతే, సారుతో మాట్లాడేటప్పుడు ముందుగా అడగవలసింది అదే.